పెరటి ముచ్చట్లు: కుడితి గోలెం



పోయిన సంచికలో బరంపురం అప్పడాల గురించి రాసినందుకు చాలా ఉత్తరాలు వచ్చాయి. పిండి ఎలా కలపాలో అడిగినవారు కొందరైతే, తమ అమ్మగారి చేతి అప్పడాలే గొప్పవని నాతో పోట్లాడినవారు మరికొందరు. ఒక సోదరి మాత్రం, "పట్నం కబుర్లు ఎన్నాళ్ళు చెబుతారు? మీరు పుట్టిన పల్లెటూరి ఇంటి సంగతి రాయండి" అని అడిగారు. రాద్దాం రాద్దాం అనుకుంటూ ఉండగానే నా మనవరాలు ఒక ప్రశ్న వేసి నన్ను కాగితం ముందు కూర్చోబెట్టింది.

దానికి పన్నెండేళ్ళు. భువనేశ్వర్‌లో చదువుతోంది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, ఆటల్లో ఒడియా. మన ఇళ్ళలో ఇది వింతేమీ కాదు. మీ పిల్లల లెక్క కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, ఒడియా ఉన్న చోట బెంగాలీయో, హిందీయో, మరాఠీయో పెట్టుకోండి, అంతే. ఒకరోజు ఫోనులో, ఇంటికి సున్నాలు వేయిస్తున్న హడావుడి దానికి చెబుతూ, "కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నానే" అన్నాను. పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక, "అమ్మమ్మా, కుడితి అంటే ఏమిటి?" అంది.

"ఆవుకి పెట్టేది."

"ఆవుకి గడ్డి కదా పెడతారు?"

"గడ్డి తింటుంది. కుడితి తాగుతుంది."

"నీళ్ళా?"

"ఒట్టి నీళ్ళు కావు. బియ్యం కడుగు, గంజి, తవుడు..."

"తవుడు అంటే?"

అక్కడ ఆగిపోయాను. తవుడు చెప్పాలంటే దంపుడు చెప్పాలి. దంపుడు చెప్పాలంటే రోలూ రోకలీ చెప్పాలి, వడ్లు చెప్పాలి, గాదె చెప్పాలి, కళ్ళం చెప్పాలి. ఒక్క మాట విప్పబోతే ఇల్లంతా విప్పి పరచాల్సి వచ్చింది. ఫోనులో అయ్యే పని కాదని, "సెలవులకి రా, ఊరికి తీసుకెళ్ళి చూపిస్తాను" అని తప్పించుకున్నాను.

మా ఊరు బరంపురానికి దక్షిణంగా, చికిటి వైపు వెళ్ళే దారిలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆ రోజున నడుమ ఒక గీత పడింది. బరంపురం, ఛత్రపురం, ఆస్కా ఇటు వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటు పోయాయి. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, చుట్టరికాలు మాత్రం రెండు రాష్ట్రాలవయ్యాయి. మా అమ్మ పుట్టిల్లు గీతకు అటు, అత్తిల్లు ఇటు. ఇలాంటి ఇళ్ళు మా ప్రాంతంలో ఎన్నో.

ఇల్లు పెద్దదేమీ కాదు. వీధి అరుగు, నట్టిల్లు, వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. పెరట్లో నుయ్యి, తులసికోట, పశువుల శాల, గడ్డివాము, ఆ చివర పెంటపోగు. వంటింటి గుమ్మానికీ శాలకీ మధ్య, నేలలో సగం పాతిన పెద్ద మట్టి గోలెం. అదే కుడితి గోలెం.

ఆ రోజుల్లో పల్లెటూరి ఇంట్లో పారబోయడం అనేది తెలియదు. బియ్యం కడిగిన నీళ్ళు, అన్నం వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, పులిసిపోయిన మజ్జిగ, దంపగా వచ్చిన తవుడు, నానబెట్టిన తెలకపిండి, చిటికెడు ఉప్పు, అన్నీ అందులోకే. సాయంత్రం పశువులు మేత నుంచి రాగానే దాహంతో నేరుగా దాని దగ్గరికే వెళ్ళేవి. మా మామ్మ మోచేతిదాకా చెయ్యి ముంచి కలియబెట్టి, ఆ చెయ్యి వాసన చూసి, "ఇవాళ తవుడు తక్కువేశారు" అనేది. ఆవు మూతి తిప్పేసుకునేలోపే మామ్మకి తెలిసిపోయేది.

ఇక రోజు ఎలా నడిచేదో చెబుతాను.

తొలికోడి కూతకి అమ్మ లేచేది. ముందుగా శాలలోకి. రాత్రి పడిన పేడంతా చేతులతో గంపకెత్తి, అందులో కొంత కళ్ళాపికి, కొంత పిడకలకి, మిగిలింది పెంటపోగుకి. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేసరికి తూర్పున వెలుగు వచ్చేది. తర్వాత పాలు. దూడని విడిచి, ఆవు చేపాక, దూడని పక్కకి కట్టి పిండాలి. మావి ఘుముసరి జాతి ఆవులు. భంజనగర్ వైపు ఘుముసర ప్రాంతం పేరు మీద పిలిచే పొట్టి రకం. పాలు తక్కువే ఇస్తాయి. కానీ కొద్దిపాటి మేతతో గడిపేస్తాయి, ఎద్దులు దున్నడానికి గట్టివి. పాలు కుండలో పోసి దాలిలో పెడితే పిడకల సెగకి పొద్దంతా కాగి, సాయంత్రానికి మీగడ ఎర్రగా కట్టేది.

ఆ తర్వాత నీళ్ళు. మా నూతిలో నీళ్ళు వేసవికి అడుక్కి పోయేవి. చేంతాడు పొడుగు పెరిగేది, అమ్మ అరచేతుల్లో కాయలూ పెరిగేవి. వంటకి, తాగడానికి, స్నానాలకి, పశువులకి, వాకిలికి, అన్నీ చేదతో తోడిన నీళ్ళే. చిన్నప్పుడు నేను ఒకసారి లెక్కపెట్టాను. అమ్మా, మామ్మా కలిసి ఆ రోజు ముప్పయ్యారు బిందెలు తోడారు. ఆ లెక్క మామ్మకి చెబితే, "లెక్కపెట్టడం కాదు, వచ్చి పట్టు" అంది.

పొద్దెక్కేసరికి పొలం వెళ్ళే వాళ్ళకి చద్ది కట్టాలి. వేసవిలో అయితే తరవాణి. మూలనున్న తరవాణి కుండ ఏడాది పొడవునా ఖాళీ అయ్యేది కాదు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి పులిసి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా ఉంటే చాలు, కడుపు చల్లగా ఉండేది. మా పక్కింటి ఒడియా వాళ్ళు దాన్నే పఖాళ అంటారు, ఆ నీళ్ళని తోరాణి అంటారు. తరవాణి, తోరాణి! వింటుంటేనే దగ్గరి చుట్టాల్లా లేవూ? ఇప్పుడు ఏటా మార్చి 20న ఒడిశా వాళ్ళు పఖాళ దినోత్సవం అని పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా చేసుకుంటున్నారు. మా మామ్మ ఉంటే ఆ పళ్ళేల ధర విని ఏమనేదో!

ఇలా రెండు భాషల మాటలు మా పెరట్లో కలిసిమెలిసి తిరిగేవి. మేం కళ్ళం అంటే వాళ్ళు ఖొళా అనేవారు. మేం తవుడు అంటే వాళ్ళు కుండా. మా కంబారి ఒడియావాడు, పశువులతో ఒడియాలోనూ మామ్మతో తెలుగులోనూ మాట్లాడేవాడు. మా ఎద్దులు రెండు భాషలూ అర్థం చేసుకునేవి. వాటికి పండుగలు కూడా ఏడాదికి రెండు: శ్రావణ పౌర్ణమి నాడు ఒడియా వారి గమ్హా పూర్ణిమ, సంక్రాంతి వెళ్ళిన మర్నాడు మన కనుమ. రెండు రోజులూ కడిగి, బొట్లు పెట్టి, మెడలో దండలు వేసేవాళ్ళం. రెండు పండుగలు చేయించుకున్న ఎద్దులకి పని మాత్రం ఒక్కటే.

మా ఊరి పొలాలు చెరువు కింద సాగయ్యేవి. పందొమ్మిదో శతాబ్దం చివర తవ్విన రుషికుల్య కాలువల నీళ్ళు ఉత్తరాన ఉన్న ఊళ్ళకే. మాకు వాన పడితేనే చెరువు, చెరువు నిండితేనే పంట. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక, ఆ తర్వాత ఆకుమడి, ఆషాఢ శ్రావణాల్లో ఉభాలు. మధ్యకోస్తా వాళ్ళు ఊడ్పులు అంటారు, మనకి ఉభాలే. ఆ పది పదిహేను రోజులూ ఇంట్లో ఎవరూ కూర్చోవడానికి ఉండదు. నీళ్ళు మడిలో నిలిచి ఉన్నప్పుడే నాటెయ్యాలి, రెండు రోజులు ఆలస్యమైతే ఆకు ముదిరిపోతుంది.

నేను అయిదో తరగతి చదువుతున్న ఏడాది ఉభాల రోజుల్లోనే బళ్ళో పరీక్ష వచ్చింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి, కూలివాళ్ళకి అంబలి మోయడానికి ఇంట్లో ఆడపిల్ల కావాలి. నన్ను మానిపించారు. అన్నయ్య బడికి వెళ్ళాడు. అన్నయ్యని మానమని ఎవరికీ తోచలేదు, నాకు కూడా తోచలేదు. ఆ రాత్రి అమ్మ నా తలకి నూనె రాస్తూ ఏమీ మాట్లాడలేదు. మరుసటి ఏడు ఉభాలు వచ్చేసరికి మాత్రం, నాన్న అడగకముందే, "అది బడికి పోతాది. దాని పని నేను చేసుకుంటాను" అంది. చేసింది కూడా. రెండు జాములు ముందుగా లేచి వంట ముగించి, చంకన పిల్లవాణ్ణి వేసుకుని, నెత్తిన అంబలి కుండ పెట్టుకుని గట్టు మీద నడిచి వెళ్ళింది. ఈ రోజు ఈ కాగితం మీద నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ గట్టు మీది నడకే కారణం.

మా ప్రాంతంలో ఆడవాళ్ళ మీద ఇంత పని పడడానికి మరో కారణం కూడా ఉంది. గంజాం మగవాళ్ళకి కడుపు చేత పట్టుకుని దూరం పోవడం పాత అలవాటు. ఒకప్పుడు గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం వెళ్ళేవారు. మా తాత కూడా వెళ్ళాడు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక వేలాది మందిలాగే ఆయనా కాలినడకన బయలుదేరి, 1942లో ఇంటికి చేరాడట. ఆ నడుమ ఎనిమిదేళ్ళు మామ్మ ఒంటిచేత్తో ఇల్లూ పొలమూ నడిపింది. తర్వాతి కాలంలో రంగం పోయి సూరత్ వచ్చింది. ఇప్పటికీ గంజాం పల్లెల నుంచి సూరత్ మరమగ్గాల మీద పని చేయడానికి వెళ్ళే కుర్రాళ్ళకి లెక్కలేదు. మగవాడు డబ్బు పంపుతాడు. పేడ ఎత్తేదీ, నీళ్ళు తోడేదీ, కుడితి కలిపేదీ ఇంట్లో ఉన్న ఆడమనిషి.

మార్గశిరంలో పంట కళ్ళానికి వచ్చేది. కళ్ళం చెక్కి, పేడతో అలికి, ఎండబెట్టి, పనలు పరిచి ఎద్దులతో తొక్కించేవారు. గాలి చూసుకుని తూర్పారబట్టేవారు. వడ్లు కొలిచేటప్పుడు మామ్మ దగ్గరుండి వినేది. మొదటి కుంచాన్ని "ఒకటి" అనకూడదు, "లాభం" అనాలి. లాభం, రెండు, మూడు... అలా సాగేది లెక్క. కొలిచేవాడు పొరపాటున ఒకటి అన్నాడా, మళ్ళీ మొదటినుంచి కొలిపించేది. కోతలయ్యాక గొల్లలు మేకల మందలు తోలుకొచ్చేవారు. గంజాం మేకలని పేరున్న పొడుగుకాళ్ళ మేకలు. రాత్రిళ్ళు మన మడిలో మంద కట్టిస్తే పొలానికి ఎరువు, వాళ్ళకి ధాన్యం.

ఆ నెలలో ప్రతి లక్ష్మివారం ఇల్లు కడిగినట్టుండేది. లక్ష్మివారం అంటే గురువారమని కొందరికి మనం విడమరిచి చెప్పాల్సి వస్తుంది కానీ, ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాకా మన పెద్దలకి అది లక్ష్మివారమే. మార్గశిర మాసంలో ఆ వారం అమ్మవారిది. ఒడియా ఇళ్ళలో అదే రోజు మాణబసా గురుబారం చేస్తారు. మాణ అంటే వడ్లు కొలిచే పాత్ర. కొత్త వడ్లతో దాన్ని నింపి లక్ష్మిగా పూజిస్తారు. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి వాకిట్లోనూ గోడల మీదా లక్ష్మీపాదాలూ వరికంకులూ గీస్తారు, ఆ గీతల్ని ఝోటి అంటారు. మా అమ్మ ముగ్గు కర్ర మనది, ఆవిడ గీసే వరికంకి మాత్రం పక్కింటిది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఎవరూ లెక్క రాసిపెట్టలేదు.

ఇదంతా ఒక్కసారిగా పోలేదు. మొదట ఊళ్ళోకి ధాన్యం మర వచ్చింది, రోలు మూలపడింది. చేతి పంపు వచ్చింది, చేద తుప్పు పట్టింది. ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు అమ్ముడుపోయాయి. తర్వాత గ్యాసు వచ్చింది. 2016లో మొదలైన ఉజ్జ్వల పథకంతో ఊళ్ళో బీదిళ్ళకి కూడా సిలిండర్లు చేరాయి, పిడకల గోడలు ఖాళీ అయ్యాయి. మా ఇంట్లో చివరగా మిగిలినవి రెండు ఆవులు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర ఒడ్డు దాటింది. గంటకు రెండు వందల కిలోమీటర్లకి పైగా వేగంతో గాలి. 1999 అక్టోబరు 17న వచ్చిన తుపానులో శాల పైకప్పు మాత్రమే లేచిపోయింది. ఈసారి గోడలతో సహా పడిపోయింది. ముందుగానే కట్లు విప్పి వదిలేయడం వల్ల ఆవులు బతికాయి. శాల మళ్ళీ కట్టించే ఓపిక అన్నయ్యకి లేకపోయింది. నెల తిరక్కుండా ఆవుల్ని అమ్మేశారు. కుడితి గోలెం ఆ రోజు నుంచి ఖాళీ.

ఈ వేసవిలో మనవరాల్ని తీసుకుని వెళ్ళాను. ఇప్పుడు ఆ ఇంట్లో అన్నయ్యా, వదినా ఇద్దరే ఉన్నారు. పెరట్లోకి వెళ్ళగానే పిల్ల అడిగిన మొదటి మాట, "కుడితి గోలెం ఏది?" చూస్తే అందులో వదిన మట్టి నింపి కనకాంబరాలు వేసింది. పూలు విరగబూశాయి. పిల్ల దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంత చిన్నదాంట్లోంచి ఎలుక బయటికి రాలేదా?" అంది.

దానికి జవాబు నా దగ్గర లేదు. అరవై ఏళ్ళుగా ఆ సామెత వాడుతున్నాను, ఎలుక ఎందుకు కొట్టుకుంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. వదిన చెప్పింది. "తవుడు పైన తేలి మందంగా కట్టీసి ఉంటాది. ఎలక్కి అది నేలలాగే కనపడతాది. తిందామని దిగుతాది. కింద చూస్తే గంజి. గోడ పట్టుకుందామంటే జిగురు, కాలు నిలవదు. తిండిలోనే ఉంటాది, తినడానికి ఉండదు, పోడానికి ఉండదు. అదమ్మా సంగతి." పిల్ల నోరు తెరుచుకుని విన్నది. నేనూ విన్నాను.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను పాత రోజులు తలచుకుంటూ, దాలి పాల రుచి, కళ్ళంలో వెన్నెల, తెల్లవారి కవ్వం చప్పుడు, ఎంత బాగుండేవి అంటూ ఏకరువు పెడుతున్నాను. వదిన చాలాసేపు విని ఊరుకుంది. తర్వాత మెల్లగా అంది:

"బాగుందమ్మీ నీ ముచ్చట. నువ్వు పదహారేళ్ళకి చదువుకని పట్నం పోనావు. సెలవులకి వచ్చి నాలుగు బిందెలు తోడితే నీకది ముచ్చటే. ముప్పయ్యేళ్ళు తోడినదాన్ని నేను. ఆ మాటలు నీకు కావాలంటే రాసుకో. ఆ నడుంనొప్పి మాత్రం నాకు మళ్ళీ వద్దు."

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే కదా! మనం పల్లెటూరి ఇంటి గురించి తలచుకున్నప్పుడల్లా వెన్న ముద్ద గుర్తొస్తుంది కానీ ఆ వెన్న తీసిన చెయ్యి గుర్తురాదు. పంపు వచ్చిన రోజున మా వదిన దానికి పసుపూ కుంకుమా పెట్టిందట. ఆ పూజ ముందు నా బెంగ ఎంత?

అయినా, "రాసుకో" అన్న మాట ఆవిడే అంది. అది పట్టుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మూడు సాయంత్రాలు ముగ్గురం కూర్చున్నాం. వదిన చెప్పడం, పిల్ల రాయడం. పిల్లకి తెలుగు చదవడం కూడబలుక్కుని వస్తుంది కానీ రాయడం రాదు. ఒడియా అక్షరాల్లో రాసుకుంది, రాత్రి నేను దాన్ని తెలుగులోకి మార్చాను. మొదట వదిన, "నాకేటి తెలుసు, చదువుకోనిదాన్ని" అంది. కానీ ఒక్కో పని పేరు ఎత్తితే చాలు, మాటలు వరసగా వచ్చాయి. దంపుడు అంటే రోలు, కుందె, రోకలి, పొన్ను, చేట, చెరగడం, నూక, తవుడు, ఊక. ఊరికే మాటలు చెప్పమంటే రెండు కూడా తోచలేదు. చేతులు గాలిలో దంచుతున్నట్టు ఆడించేసరికి తొమ్మిది వచ్చాయి. మూడో రోజుకి నూటికి పైగా అయ్యాయి. ఆవిడ మాట ఆవిడ నోట్లో లేదు, చేతిలో ఉంది.

అప్పుడు నాకు ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. గంజాం తెలుగు వాళ్ళకి బడి ఒడియాది, కచేరీ ఒడియాది, సంతలో సగం ఒడియాది. తెలుగు మిగిలింది పెరట్లోనూ వంటింట్లోనూ శాలలోనూ. అంటే మన భాషని ఇన్నాళ్ళూ మోసినవి ఈ పనులే. పని పోతే దానితో పాటు మాట పోతుంది. పని పోవాల్సిందే, నడుములు బాగుపడాల్సిందే. మాట కూడా పోవాలా అన్నదే నా ప్రశ్న.

ఇలాంటి మాటల విలువ పెద్దలు ఎప్పుడో గుర్తించారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెలువరించింది. అది పూర్తిగా వ్యవసాయ పదాలదే. రైతుల దగ్గరికి వెళ్ళి, నాగలికీ కాడికీ కళ్ళానికీ ఏ జిల్లాలో ఏ మాట వాడతారో అడిగి రాసుకున్నారు. తర్వాత 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. మహత్తరమైన పని. కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల కోసం చేసిన సర్వే. మా గంజాం అప్పటికే పాతికేళ్ళుగా గీతకు ఇవతల ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు బతుకులో ఎక్కువ భాగం గడిపిన పర్లాకిమిడి కూడా ఆనాటి గంజాం జిల్లాలోదే. జనం నోట ఉన్న మాటే మాట అని ఆయన చెప్పిన నేల మీద, ఆ జనం మాటలు ఎవరు రాసుకోవాలి? అటువైపు వాళ్ళకి మనం అందం. ఇటువైపు వాళ్ళకి మన భాష పట్టదు. మనమే రాసుకోవాలి.

అందుకని సోదరీ సోదరులారా, మీకు ఒక చిన్న పని చెబుతున్నాను. ఇంట్లో అమ్మో, అత్తగారో, మేనత్తో, పల్లెటూళ్ళో చేసి వచ్చిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోండి. "పాత మాటలు చెప్పు" అని అడగకండి, ఏమీ రాదు. "పాలు ఎలా తీసేదానివి?" "గాదె ఎలా కట్టేవారు?" అని ఒక పని అడగండి. పది మాటలు రాసుకోండి. ఏ ఊరి మాటో, పక్కన ఒడియాలోనో మీరున్న చోటి భాషలోనో దాన్ని ఏమంటారో అదీ రాయండి. పిల్లల చేత రాయించండి. వాళ్ళకి ఏ లిపి వస్తే ఆ లిపిలోనే రాయనివ్వండి, తెలుగులోకి మనం మార్చుకుందాం. ఈ శీర్షికకి పంపితే సంచికకి ఒక పని చొప్పున వేద్దాం.

ఒక్క మనవి. రాసుకునేటప్పుడు ఆ పని ఎవరు చేశారో, ఎన్ని గంటలు చేశారో అది కూడా రాయండి. మా వదిన పెట్టిన షరతు అది.

మొన్న రాత్రి తొమ్మిది దాటాక వదిన ఫోను చేసింది. ఎవరికైనా బాగాలేదేమోనని కంగారుపడ్డాను. "ఏటీ లేదమ్మీ, ఒక మాట మరిచిపోనాం. ఆవు పాలు దించితే చేపింది అంటాం కదా, అది రాసుకోలేదు. పిల్లకి చెప్పు" అని పెట్టేసింది. పిల్లకి చెప్పాను. రాసుకుంది.

వచ్చే సంచికలో మీ మాటలతో కలుద్దాం. సెలవు.